చేతి నుండి చదువుకు

పాఠశాల గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకొనే బల్ల ఒకటి ఉంటుంది. గ్రంథపాలకుడు పేర్లు నమోదు చేసుకొంటున్నంతసేపు పిల్లలు దాని చుట్టూ చేరి తమ వంతుకై వేచి ఉంటారు. ఆ కొద్ది నిమిషాలలోనే అల్లరి మొదలవుతుంది. వెంటనే 'నిశ్శబ్దం' అన్న హెచ్చరిక వినిపిస్తుంది. నిజానికి ఆ అల్లరికి మూలం పిల్లల చేతులకు పని లేకపోవడమే. ఆ బల్లమీద చేతికి, బుద్ధికి పని కల్పించే వస్తువులు కొన్ని ఉంచడం ఎంతైనా సముచితం.

చేతితో చేసిన పని మనసులో నాటుకొంటుందని విద్యావేత్తలు ఏనాడో గుర్తించారు. 1907లో రోము నగరంలో శిశువిద్యాలయాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి తన బోధనకు వస్తువులనే ఆధారం చేసుకొన్నారు. ఆమె 1939లో భారతదేశానికి వచ్చి, మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. రెండు వరుసలలో 14 గుంటలుండే వామనగుంటల పీట, గుప్పెడు చింతపిక్కలు లెక్కను, ముందుచూపును నేర్పుతాయి. అట్టమీద గీసిన పులిజూదంలో 3 పులులను 15 మేకలు కలసికట్టుగా బంధిస్తాయి. చైనాలో పుట్టిన టాంగ్రామ్‌కు చదరపు అట్టను 7 ముక్కలుగా కోస్తే చాలు. వాటితో పక్షిని, పడవను, ఇంటిని కూర్చవచ్చు. అయితే ఎంపికలో వివేకం అవసరం. వస్తువు చప్పుడు చేయరాదు. ఆట త్వరగా ముగియాలి. పసివారు నోట పెట్టుకొనే గింజలు వారికి అందరాదు.

గ్రంథాలయం ఆటస్థలంగా మారుతుందని కొందరు ఆక్షేపిస్తారు. ఆ భయం నిరాధారం కాదు. ఆటవస్తువు ఒంటరిగా ఉంటే పిల్లవాడు ఆటతోనే ఆగిపోవచ్చు. కాబట్టి ప్రతి వస్తువు పక్కన దానికి తగిన పుస్తకం ఉండాలి. పులిజూదం చెంత పంచతంత్ర కథలు, టాంగ్రామ్ చెంత రేఖాగణిత వినోదాలు ఉంచవచ్చు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు లభించాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో ఒకటి చెబుతుంది. ఆ ఇద్దరినీ కలిపే మధ్యవర్తి ఆటవస్తువు కాగలదు.

ఈ ఏర్పాటు అందరికంటె ఎక్కువగా అవసరమైనది అక్షరాలు కూడబలుక్కొని చదివే బాలునికి. పుస్తకాల బీరువాలు అతనికి ఎక్కలేని కొండల వలె తోస్తాయి. తోటివారు నవ్వుతారని అతడు వెనుకనే నిలబడతాడు. అటువంటివాడు బల్లమీది చిక్కుముడిని అందరికంటె ముందు విప్పినప్పుడు, ఆ గదిలో తనకూ చోటున్నదని మొదటిసారి తెలుసుకొంటాడు. పక్కనున్న పుస్తకం వైపు చేయి చాచే ధైర్యం అప్పుడే కలుగుతుంది. చదువు ముగించినవారికి మాత్రమే బహుమానంగా ఆటవస్తువులు ఇచ్చే పద్ధతి అందుకే సరికాదు. అది ఆకలిగొన్నవానిని విడిచి, కడుపు నిండినవానికి వడ్డించడమే అవుతుంది.

గ్రంథాలయపు విలువను అక్కడి నిశ్శబ్దంతో కొలవరాదు. నిన్నటిదాకా వెనుక నిలబడిన పిల్లవాడు నేడు ఒక పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లాడా లేదా అన్నదే దానికి సరైన కొలమానం.