ఎండకు తోడు ఒక పొయ్యి

1948 డిసెంబరు చలిలో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో డోవర్ అనే చిన్న ఊళ్ళో ఒక కుటుంబం కొత్త ఇంట్లో దిగింది. గోడల బయట మంచు పేరుకుపోయే ఊరు అది. అలాంటి చోట ఇంటిని వెచ్చబెట్టడానికి చమురు బాయిలర్ గానీ, బొగ్గు కొలిమి గానీ పెట్టుకోలేదు. ఉన్నదల్లా దక్షిణం వైపు పై అంతస్తు పొడవునా అద్దాలు, వాటి వెనక నల్లరంగు పూసిన రేకులు. ఎండకు రేకులు కాగేవి. ఆ వేడిగాలిని పంకాలు గదుల మధ్య ఉన్న అరల్లోకి తోసేవి. అరల్లో డబ్బాల నిండా గ్లాబర్ ఉప్పు. ఇది సుమారు 32 డిగ్రీల దగ్గర కరిగి వేడిని తనలో దాచుకుంటుంది, చల్లబడి గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని తిరిగి ఇస్తుంది. ఎండ లేని రోజుల్లో ఆ ఉప్పే ఇంటిని కాయాలి.

ఈ ఆలోచన బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన శాస్త్రవేత్త మరియా టెల్కెస్‌ది. ఇంటి నమూనా గీసింది ఎలినార్ రేమండ్. డబ్బు పెట్టింది అమీలియా పీబాడీ అనే శిల్పి. ముగ్గురూ స్త్రీలే. ఆ రోజుల్లో ఇలాంటి పనికి ముగ్గురు స్త్రీలు పూనుకోవడమే పెద్ద విశేషం. మొదట ఇల్లు బాగానే వెచ్చగా ఉంది. కానీ పదే పదే కరిగి గడ్డకట్టడంతో ఉప్పు పొరలు పొరలుగా విడిపోయింది. డబ్బాలు తుప్పుపట్టి కారాయి. మూడో చలికాలం వచ్చేసరికి ఇల్లు చలికి ఆగలేకపోయింది. చివరికి అందరి ఇళ్ళలో ఉండే మామూలు వ్యవస్థే ఆ ఇంట్లోనూ పెట్టారు.

టెల్కెస్ ఆలోచన తప్పని మనం అనుకోవడం లేదు. కరిగి గడ్డకట్టే పదార్థాల్లో వేడిని దాచడం మీద పరిశోధనలు నేటికీ సాగుతున్నాయి. మనసుకు కష్టం కలిగించేది వేరే ఉంది. ఆ ఇంట్లో ఒక మూల చిన్న చమురు బాయిలర్ ఉండి ఉంటే, డబ్బాలు మార్చుకునే వ్యవధి దొరికేది. ఉప్పు మిశ్రమాన్ని సరిచేసుకోవచ్చు, మరో చలికాలం చూడవచ్చు. పిల్లలు వణుకుతుంటే ఏ తల్లీ తండ్రీ పరిశోధన ముగిసేదాకా ఆగలేరు. తోడు లేకపోవడం వల్ల ఒక మంచి ప్రయత్నానికి రెండో అవకాశం దక్కలేదు.

అరవై ఏళ్ళ తర్వాత ఇదే కల కెనడాలో మరో రూపం తీసుకుంది. కాల్గరీకి దక్షిణాన ఒకోటోక్స్ పట్టణంలో డ్రేక్ ల్యాండింగ్ అని 52 ఇళ్ళ కాలనీ. 2007లో మొదలైంది. గ్యారేజీల కప్పుల మీద దాదాపు 800 సౌర పలకలు. వేసవిలో వచ్చిన వేడినంతా 37 మీటర్ల లోతుకు తవ్విన 144 బోర్ల గుండా భూమిలోకి పంపి దాచేవారు. చలికాలంలో అదే వేడిని పైపుల ద్వారా ఇళ్ళకు తెచ్చుకునేవారు. భూమి వేడెక్కడానికే కొన్నేళ్ళు పట్టింది. అయిదో ఏటికి ఇళ్ళు వెచ్చబెట్టే అవసరంలో 97 శాతం ఎండే తీర్చింది. 2015-16 చలికాలంలో నూటికి నూరూ ఎండ వేడే. ఉష్ణోగ్రత సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు పడే చోట సాధించిన విజయం ఇది. చదివినప్పుడల్లా ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇంత సాధించిన ఆ కాలనీలోనూ గ్యాస్ బాయిలర్లు మొదటి రోజు నుంచీ సిద్ధంగానే ఉన్నాయి. కట్టినవాళ్ళు అందుకు చిన్నతనపడలేదు. భూమి వేడెక్కే తొలి ఏళ్ళలో వాళ్ళను ఆదుకున్నవి అవే.

అయితే 2024లో ఆ సౌర వ్యవస్థను మూసేశారు. భాగాలు పాతబడ్డాయి, కొత్తవి దొరకడం, బాగుచేసేవాళ్ళు దొరకడం కష్టమైంది. ఇళ్ళన్నీ గ్యాస్ కొలిములకు మారాయి. తోడుగా వచ్చిన ఇంధనమే ఇంటి యజమాని అయి కూర్చుంది. ఎండ తగ్గలేదు, పలకల కింది పంపులు, పైపులు, కవాటాలే అలసిపోయాయి. వాటి మరమ్మతుకు మనుషులనూ విడిభాగాలనూ ముందునుంచే సమకూర్చుకోకపోతే ఎంత గొప్ప వ్యవస్థా పదిహేను, ఇరవై ఏళ్ళకు మించి నిలవదు.

ఎండను మాత్రమే నమ్ముకోవాలంటే ఖర్చు ఎక్కడ పెరుగుతుందో కాస్త చూడాలి. ఏడాదిలో చాలా రోజులకు సరిపోయే పలకలు ఓ మోస్తరు ఖర్చుతో వస్తాయి. వరసగా వారం రోజులు మబ్బు పట్టే జనవరికి కూడా సరిపోవాలంటే పలకలూ, ట్యాంకూ రెట్టింపు చేయాలి. అదనంగా పెట్టిన ఆ సగం మిగతా ఏడాదంతా ఊరికే పడి ఉంటుంది. ఆ కొద్ది రోజుల కోసం పక్కన ఒక బాయిలర్ ఉంచుకోవడం మేలైన లెక్క.

ఎండకే కాదు, కట్టెలకూ తోడు కావాలి; ఆ సంగతి మరీ దగ్గరగా చూడదగ్గది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలైన మేన్, వెర్మాంట్‌లలో ఇంటి నేలమాళిగలో కట్టెల బాయిలర్, చమురు బాయిలర్ పక్కపక్కనే ఉండే ఇళ్ళున్నాయి. రెండింటి నీళ్ళూ ఒకే పైపుల్లోకి వెళతాయి. కట్టెల మంట గదిని 20 డిగ్రీల దగ్గర ఉంచుతుంటే, చమురు బాయిలర్ థర్మోస్టాట్‌ను 16 దగ్గర పెడతారు. అర్ధరాత్రి కట్టెలు బూడిదై గది చల్లబడుతుంటే చమురు మంట తనంతట తానే అంటుకుంటుంది. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టవు, నిద్రలో ఎవరూ లేవనక్కర్లేదు. కట్టెలు చీల్చే ఇంటాయనకు నడుం పట్టేసినా, ఇంటిల్లిపాదీ ఊరెళ్ళినా ఇల్లు చల్లారిపోదు.

చమురు మంటను మీట నొక్కి ఆర్పేయవచ్చు, కట్టెల మంటకు ఆ వీలు లేదు. మంచు తుఫానులో కరెంటు పోతే నీళ్ళు తిప్పే పంపు ఆగిపోతుంది. పొయ్యి మాత్రం మండుతూనే ఉంటుంది, బాయిలర్‌లో నీళ్ళు మరిగి ప్రమాదం ముంచుకొస్తుంది. అందుకే పంపు అవసరం లేకుండా వేడినీళ్ళు తమంతట తామే పైకి ఎక్కే ఒక పైపు దారిని పై అంతస్తుకు వదలాలని తెలిసినవాళ్ళు పట్టుబడతారు. ఆ దారి లేని ఇంట్లో కట్టెల బాయిలర్ పెట్టకూడదు. పచ్చికట్టెలు అసలే కూడదు. వాటి పొగ చిమ్నీలో జిగురుగా పేరుకుని ఒకరోజు అంటుకుంటుంది. కట్టెలు ఈ ఏడు కొట్టి, ఎండబెట్టి, వచ్చే ఏడు వాడేవాళ్ళే నిపుణులు.

మన తెలుగు ఇళ్ళకు గదులు వెచ్చబెట్టే అవసరం తక్కువ. కానీ స్నానాల నీళ్ళ దగ్గర ఇదే ప్రశ్న మన డాబా మీదా ఉంది. ఒకప్పుడు పెరట్లో కట్టెల మీద కాగే నీళ్ళ కాగు, నడిమి గొట్టంలో బొగ్గులు వేసే రాగి బాయిలర్ ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో పైన సోలార్ హీటర్, ముసురు రోజులకు దాని ట్యాంకులోనే కరెంటు కాయిల్. వంద లీటర్ల నీటి వేడిని పాతిక డిగ్రీలు పెంచాలంటే సుమారు 3 యూనిట్ల కరెంటు కావాలి. ఎండ బాగా ఉన్న రోజు అదంతా ఉచితం.

ఇక్కడే ఒక చిన్న అజాగ్రత్త జరుగుతోంది. ముసురు పట్టిన రోజు వేసిన కాయిల్ స్విచ్‌ను చాలామంది తీయడం మరిచిపోతారు. రాత్రంతా కరెంటుతో కాగిన నీళ్ళు తెల్లారేసరికి ట్యాంకు నిండా ఉంటాయి. పొద్దున ఎండ వచ్చినా పలకలకు చేయడానికి పని ఉండదు, ఎందుకంటే కాగాల్సిన చన్నీళ్ళే లేవు. డాబా మీద సోలార్ ఉండి కూడా బిల్లు తగ్గలేదని బాధపడే ఇళ్ళలో ఒకసారి ఆ స్విచ్ వైపు చూడాలి. ముందు ఎండ తన పని చేసుకోవాలి. సాయంత్రం నీళ్ళు చల్లగా ఉంటేనే, స్నానానికి ముందు కావలసినంతసేపు మాత్రమే కాయిల్ వేయాలి.

బోస్టన్ చుట్టుపక్కలా, న్యూజెర్సీలోనూ పాత ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళకూ ఒక మాట. కప్పు మీద సౌర పలకలు వేయించుకున్న ఉత్సాహంలో నేలమాళిగలోని బాయిలర్‌ను పీకించేయకండి. ఏటా చలికి ముందే మనిషిని పిలిచి దాన్ని శుభ్రం చేయించండి. డాబా మీద సోలార్ ఉన్న మన ఊరి పాఠకులు ఈ ఆదివారం ఇంట్లో పెద్దా చిన్నా అందరికీ కాయిల్ స్విచ్ ఎక్కడుందో, అది ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో చూపించండి.