కెమెరా పెట్టే ముందు పిల్లలతో ఒక మాట



మామూలుగా ఈ పత్రికలో ఇంగ్లిష్ పేజీలకే రాస్తుంటాను. ఈసారి విషయం ఇంటిది కాబట్టి తెలుగులోనే చెప్పాలనిపించింది.

సంక్రాంతి సెలవులకు ఊరెళ్తూ, అమ్మ ఒక్కతే ఉంటోందని ఒక వైఫై కెమెరా కొనుక్కెళ్లాను. పది నిమిషాల పని అనుకుంటే రెండు సాయంత్రాలు పట్టింది. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టాను, కెమెరాను నాలుగుసార్లు రీసెట్ చేశాను, అమ్మిన షాపువాణ్ణి తిట్టుకున్నాను. చివరికి పక్కింట్లో ఎనిమిదో తరగతి చదివే బాబు డబ్బాలోని కాగితం తీసి చదివి, "అక్కా, ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే పనిచేస్తుందంట. మీ ఫోన్ 5లో ఉంది" అన్నాడు. రోజూ క్లాసులో కాంప్రహెన్షన్ చెప్పే నేను ఆ కాగితం చదవనే లేదు!

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పిల్లల కోసం కెమెరా పెట్టుకుంటున్నామని పేరెంట్స్ మీటింగుల్లో వింటున్నాను. అందుకే నేను కష్టపడి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ఇళ్లకు కొనే తక్కువ ధర కెమెరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌తోనే కలుస్తాయి. ఈ సిగ్నల్ కాస్త నెమ్మది, కానీ గోడలు దాటి దూరం వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే త్వరగా తగ్గిపోతుంది. రూటర్ రెండింటికీ ఒకే పేరు చూపిస్తుంటే చిక్కు వస్తుంది. అలాంటప్పుడు రూటర్ సెట్టింగ్స్‌లో రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టండి. లేదంటే కెమెరా కలిసేదాకా 5ను ఆపేయండి. సెట్టింగ్స్ తెరిచే అడ్రస్ సాధారణంగా రూటర్ అడుగున స్టిక్కర్ మీదే ఉంటుంది.

అప్పటికీ కలవకపోతే ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం సరిచూడండి. ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ఆపండి. యాప్‌కు లొకేషన్ అనుమతి ఇవ్వండి. రూటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని ఉంటే, డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన ఆప్షన్ ఎంచుకోండి. మొదటిసారి కెమెరాను రూటర్ పక్కనే పెట్టి కలపండి, ఆ తర్వాతే గోడకు బిగించండి. అక్కడికి వెళ్లాక కనెక్షన్ తెగిపోతుంటే తప్పు కెమెరాది కాకపోవచ్చు, మధ్యలో ఉన్న గోడలది కావచ్చు. కరెంటు పోయినప్పుడూ నడవాలంటే కెమెరాతో పాటు రూటర్‌కూ ఇన్వర్టర్ లైన్ ఉండాలి. యాప్‌కు గట్టి పాస్‌వర్డ్, రెండంచెల వెరిఫికేషన్ పెట్టడం మరిచిపోకండి. మన ఇల్లు మనకు తప్ప ఎవరికీ కనబడకూడదు కదా.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి.

మా ఇంట్లో కెమెరా హాల్లో కలిసింది. నాకు సంతోషమే. కానీ మర్నాటి నుంచి అమ్మ హాల్లో కూర్చోవడం మానేసింది. అడిగితే, "నువ్వు నన్ను చూస్తావు సరే, నాకు నువ్వు కనబడవు కదే" అంది. కొనే ముందు ఆవిణ్ణి ఒక్క మాట అడగాలని కూడా నాకు తోచలేదు. అదే రోజు కెమెరాను వరండాలో గేటు వైపు తిప్పి పెట్టాను. రోజూ రాత్రి ఫోన్ చేస్తున్నాను.

సెలవుల తర్వాత క్లాసులో ఈ కథ చెబితే పిల్లలంతా నవ్వారు. ఒక అబ్బాయి మాత్రం తర్వాత స్టాఫ్‌రూమ్ దగ్గరికొచ్చి, "మేడమ్, మా ఇంట్లో స్టడీ టేబుల్ ఎదురుగానే ఉంది. అమ్మ చూస్తుందని పుస్తకం తెరిచి కూర్చుంటాను. చదవాలనిపించదు" అన్నాడు. ఆ తల్లి పడే ఆందోళనను నేను తప్పుపట్టను. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లాడు ఒంటరిగా ఉంటే ఏ అమ్మకైనా ఆఫీసులో మనసు నిలవదు. అయితే కెమెరాకు తెరిచిన పుస్తకం కనబడుతుంది గానీ, ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో కనబడదు. అది పక్కన కూర్చుని అడిగితేనే తెలుస్తుంది, పది నిమిషాలైనా చాలు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. కెమెరా గుమ్మం దగ్గర పెట్టండి, ఎవరొచ్చారో తెలుస్తుంది. స్టడీ టేబుల్ మీద, పడక గదిలో మాత్రం వద్దు. ఎందుకు పెడుతున్నామో, ఎవరెవరు చూస్తారో పిల్లలకు ముందే చెప్పండి. బిగించే పని కూడా వాళ్లతో కలిసే చేయండి. కాగితం వాళ్ల చేత చదివించండి, రూటర్ సెట్టింగ్స్ మీ పక్కన కూర్చుని చూడనివ్వండి. ఒకసారికి ఒక్కటే మార్చి ఏం జరిగిందో గమనించడం సైన్స్ ల్యాబ్‌లో మేం నేర్పే పద్ధతే.

వాళ్ల చేతులతో పెట్టిన కెమెరా వాళ్లకు కాపలా అనిపించదు, ఇంటి భద్రతలో తమకూ భాగముందనిపిస్తుంది. ఈ ఆదివారం ప్రయత్నించి, వచ్చే మీటింగులో ఎలా జరిగిందో చెప్పండి.