ధూమపానము - పెద్దల జ్ఞాపకశక్తి

ఖమ్మము నుండి తూర్పుగా పోయినకొలది మైదానము తరిగి అడవి పెరుగును. బూర్గంపాడు, దుమ్ముగూడెము, చర్ల మున్నగు సీమలలో ఎండలు ముదురుటతోడనే తునికాకు కోత మొదలగును. కోయ కుటుంబములు ఇంటిల్లిపాదియు తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసి, ఇల్లు చేరి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లమునకు చేర్చుచుందురు. వేయి కట్టలు చేరిన ఒక ప్రమాణపు సంచి. అనగా 50,000 ఆకులు. ఈ ఆకే పొగాకును చుట్టుకొని, బీడీయై, మరల అదే పల్లెలోని అంగడికి వచ్చుచున్నది. వేసవిలో కొన్నివారములు పైకము తెచ్చిన ఆకు, తక్కిన సంవత్సరమెల్ల పైకమును తీసికొని పోవుచున్నది. పోవునది పైకమొక్కటియే ఐన మేమింత వ్రాయవలసిన పని లేకుండును. పెద్దల మతియు దానితోడ పోవుచున్నదని నేటి వైద్యశాస్త్రము ఘోషించుచున్నది.

పొగ ఊపిరితిత్తులను చెరచుననియు, నోటను గొంతునను పుండ్లు పుట్టించుననియు మనవారు వినియే యున్నారు. అది మెదడును ఎట్లు తాకునో విన్నవారు అరుదు. పొగతోడ లోనికి పోవు అంగారవాయువు నెత్తురులోని ప్రాణవాయువును వెడలగొట్టును. నెత్తుటి నాళముల లోపలిపొర గరుకెక్కి, గట్టిపడి, దారి ఇరుకగును. మెదడులోని నాళములు మిక్కిలి సన్ననివి. అవి పూడినచోట మెదడు కొంచెము కొంచెముగా ఎండును. పెద్దనాళము పూడిన పక్షవాతమని అందరును గుర్తింతురు. చిన్ననాళములు ఒక్కొక్కటిగా పూడుచుండగా, "పెద్దాయనకు వయసు మీదపడినది" అని ఊరకుందురు. ఈ ఊరకుండుటయే మా ఆక్షేపణకు కారణము.

2011లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో 21,000 మందికి పైగా జనులను ఇరువదియేండ్లకు పైగా గమనించి చూడగా, నడివయసున దినమునకు రెండు పెట్టెలకు మించి సిగరెట్లు కాల్చినవారికి మతిభ్రంశరోగము రెండింతలకు పైగా వచ్చినట్లు తేలినది. 2012లో ఇంగ్లండు ప్రభుత్వోద్యోగులను గూర్చిన పరిశోధన వెలువడినది. పొగత్రాగు పురుషుల బుద్ధిశక్తి తక్కినవారికంటె వేగముగా క్షీణించుటయు, పరీక్షలకు పదియేండ్లు ముందుగానే మానినవారు ఎన్నడును త్రాగనివారితో సమానముగా నిలుచుటయు అందు కనబడినవి. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము ఈ రోగమునకు మనచేత తొలగింపదగిన హేతువులు 14 అని లెక్కించి, అందు ధూమపానమును చేర్చినది. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తము సుమారు 88 లక్షలమంది, ఈ వ్యాధితో నున్నారని 2023లో ప్రకటించిన అంచనా చెప్పుచున్నది. ఇది సీమదొరల రోగమని త్రోసివేయ వీలులేదు.

"చుట్ట ముట్టించినగాని బుర్ర పనిచేయదు" అని రచ్చబండ పెద్దలు వాదింతురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. నికోటిను క్షణకాలము చురుకు పుట్టించును. కాని అలవాటుపడిన దేహము అది అందనప్పుడు మందగించును. మరల అందినప్పుడు తేరుకొనును. తాను కలిగించిన జాడ్యమునే తాను తీర్చి, వైద్యుడనని చెప్పుకొను మాయావి వంటిదీ పొగాకు. ధూమపానము మతిమరపునుండి కాపాడునని వ్రాసిన పండితులును ఒకప్పుడు లేకపోలేదు. 2010లో కొందరు పరిశోధకులు ఈ విషయమును గూర్చిన 43 పరిశోధనలను తరచిచూడగా, వానిలో 11 పొగాకు వ్యాపారముతో సంబంధము గలవారు చేసినవని తేలినది. ఆ సంబంధమును లెక్కలోనికి తీసికొన్న పిమ్మట, కాపుదలకు మారుగా కీడే కనబడినది. ఎవరి సొమ్ము తిన్న కలము వారి పాటయే పాడునని మన పాఠకులకు వేరుగ చెప్పనేల?

బీడీకి మరియొక రక్షకవచము కలదు. అది స్వదేశి యను పేరు. విదేశవస్తు బహిష్కారపు దినములలో సీమ సిగరెట్టును వీడినవారు బీడీని చేపట్టి, దేశసేవయే చేయుచున్నామని తలంచిరి. ఆనాటి వారి త్యాగమునకు మేము నమస్కరింతుము. ఐనను విషమునకు స్వదేశమని పరదేశమని భేదము లేదు. తునికాకు గాలిని చొరనీయదు. బీడీ ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలయును. అందువలన పొగాకు కొంచెమే యున్నను, లోనికి పోవు విషము సిగరెట్టుకంటె తక్కువ కాదు సరికదా, ఎక్కువ. ఇట్లుండగా 2025 సెప్టెంబరున జి.ఎస్.టి. మండలి తక్కిన పొగాకు సరకులను నూటికి 40 పన్నులో నుంచి, బీడీకి మాత్రము 28 నుండి 18కి తగ్గింప నిర్ణయించినది. కార్మికులపై దయ యని చెప్పవచ్చును. కార్మికునికి కూలి పెంచుట దయ; పేదవాని విషము చౌక చేయుట దయ కానేరదు.

అడవిసీమలో ఈ నష్టము మైదానముకంటె పెద్దది. ఏలన, కోయల చరిత్ర తాళపత్రములలో లేదు; పెద్దల నాలుకపై నున్నది. గోత్రములు, వంశకథలు, సమ్మక్క సారలమ్మల వీరగాథ, ఏ వేరు ఏ నొప్పికి మందో ఆ తెలివి, అంతయు జ్ఞాపకమే ఆధారముగా నిలిచినది. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన డోలికోయ కళాకారులు సకిని రామచంద్రయ్యగారు అట్టి గాథలను కంఠస్థముగా గానము చేసి 2022లో పద్మశ్రీ పొందిరి, 2024లో దివంగతులైరి. మృత్యువు కొనిపోవు భాండారమును ఎవరును ఆపలేరు. బ్రతికియున్న పెద్దల మతిలోనుండి కథ ఒక్కొక్క చరణముగా జారిపోవుచుండగా చూచుచు నుండుట మాత్రము మన దోషము. పట్టణమున పెద్దవాడు మరచిన పుస్తకము చూచుకొందుము. అడవిలో పెద్దవాడు మరచిన పుస్తకమే పోవును.

ఇందు గిరిజనుని నిందించుట మా ఉద్దేశము కాదు. ఆకు కోయుట అతని జీవనము. 1971 నాటి చట్టముతో తునికాకు వ్యాపారమును ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొన్నది. చెమట గిరిజనునిది, లాభము వర్తకునిది, రాబడి ప్రభుత్వమునది. రోగము మాత్రము మరల గిరిజనునిది. ఆకుపై వచ్చు రాబడిలో కొంతభాగమును ఆ పల్లెల పెద్దల ఆరోగ్యమునకే వెచ్చించుట న్యాయము. భద్రాచలపు గిరిజనాభివృద్ధి సంస్థయు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములును పెద్దలకు నెత్తుటిపోటు పరీక్షించునపుడు జ్ఞాపకశక్తిని కూడ పరీక్షింపవలయును. పొగ మానుటకు తోడ్పడువారిని కోయభాష తెలిసినవారినుండియే నియమింపవలయును. ఇప్ప, చింతపండు, తేనె మొదలగువానికి సరియైన ధర పలికించినగాని ఆకుమీది ఆధారము తగ్గదు.

పట్టణవాసులకును పని కలదు. 2003 నాటి చట్టమును, 2008 అక్టోబరు 2 నుండి అమలునకు వచ్చిన నిబంధనలును బహిరంగస్థలములలో పొగ త్రాగుటను నిషేధించినవి. గ్రంథాలయపు అరుగుమీదనే బీడీ వెలుగుచుండ, లోపల పత్రిక చదివి ఫలమేమి? మొదట మన పఠనమందిరములను శుభ్రము చేసికొందము. ఇంటిపెద్ద పేర్లు మరచుచున్న, లెక్క తప్పుచున్న, నడచిన దారి తడబడుచున్న, వయసని త్రోసివేయక వైద్యునికి చూపింపుడు. "ఇంత వయసున మానిన ఏమి, మానకున్న ఏమి" యను మాటను చెవి చేర్పకుడు. ఏ వయసున మానినను గుండెకును నాళములకును మేలే. ముందు మానినవారికి మరింత మేలు. మానదలచినవారికి సలహా నిచ్చుటకై కేంద్రప్రభుత్వము ఏర్పరచిన 1800-11-2356 అను సంఖ్య పొగాకు పొట్లములపైననే అచ్చుపడియున్నది. కాల్చుటకై తెరచు పొట్లమును ఒక్కసారి చదువుటకై చూడుడని మా మనవి.

స్వరాజ్యము సంపాదించిన తరమువారి మాటలు మనకు ధనము. ఆ ధనమును దొంగిలించుచున్న పొగను ఇంటనుంచుకొని, పెద్దలను గౌరవించుచున్నామని చెప్పుకొనుట మనకు తగదు.