పోగు తెగితే మగ్గం మార్చరు

ఇంట్లో కంప్యూటర్‌కు నెట్ నెమ్మదించిందంటే చాలా ఇళ్లల్లో మొదట చేసే పని ప్లాన్ పెంచడం. నెలనెలా డబ్బులు ఎక్కువ పోతాయి, నెట్ మాత్రం అట్లాగే ఉంటుంది. ప్లాన్ జోలికి పోయేముందు వైరు చూడాలంటాను నేను. ఆ చూసే పని ఆడవాళ్లకూ రావాలంటాను.

మా గద్వాలలో చీరె నేసేవాళ్లు పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి అతుకుతారు గానీ మగ్గం మార్చరు. నెట్ వైరుదీ అదే కథ. రూటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే లాన్ కేబుల్లో 8 సన్నటి తీగలు, 4 జతలుగా మెలివేసి ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి 2 జతలు చాలు. 1000 కావాలంటే నాలుగూ బాగుండాలి. మంచం కోడు కింద నలిగో, ఎలుక కొరికో ఒక్క తీగ తెగినా చాలాసార్లు నెట్ ఆగిపోదు, వేగం 100కు దిగుతుంది. అందుకే లోపం కంటికి కనబడదు. 200 ప్లాన్‌కు డబ్బు కట్టి సగమే వాడుకుంటాం.

ముందు రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో వైఫై వేగం చూడండి. ఫోన్‌లో బాగుండి కంప్యూటర్‌లో లేకపోతే బయటి లైను మంచిదే, లోపం ఇంట్లోనే ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ దగ్గర లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000 ఉండాల్సిన చోట 100 అనో 10 అనో కనబడితే వైరు రెండు కొసలూ తీసి, టక్కుమనేలా మళ్లీ పెట్టండి. రూటర్‌లో ఇంకో పోర్టుకు మార్చండి. అప్పటికీ కాకపోతే వేరే వైరు వేసి చూడండి. క్యాట్ 5ఈ రకం 100 మీటర్ల దాకా 1000 వేగాన్ని మోస్తుంది, ఇంటికి అది చాలు. పాత కంప్యూటర్‌లో పోర్టే 100 వరకు ఉన్నదైతే మాత్రం వైరు మార్చినా లాభం లేదు. లింక్ స్పీడ్ సరిగ్గానే ఉంటే వెనకాల విండోస్ అప్‌డేట్ ఏదైనా దిగుతోందేమో చూడండి.

“ఇవన్నీ మనకెందుకు, పెద్దోడు హైదరాబాద్ నుంచి వచ్చినంక చూస్తాడులే” అనే మాట మా వీధిలో చాలాసార్లు విన్నాను. గ్యాస్ సిలిండర్ వాషర్ చూసుకుని రెగ్యులేటర్ బిగించే చేతులకు ఈ వైరు ఒక లెక్కా? ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల గడువు ఇంటి మగవాళ్ల సెలవు కోసం ఆగదు. ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లకు పక్కన ఉండేది అమ్మే.