భూమిని గొలిచిన నీడ

భూమి చుట్టుకొలత యెంతయని యడిగినచో విద్యార్థులు తడుముకొనక 40,000 కిలోమీటర్లని చెప్పుదురు. అది యెట్లు తెలిసెనని యడిగినచో పలువురు మిన్నకుందురు. ఈ మౌనమే మాకు విచారము గొలుపుచున్నది.

క్రీ. పూ. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా గ్రంథాలయాధ్యక్షుడగు ఎరటోస్తనీసు భూమిని చుట్టి రాలేదు. దక్షిణమున, నేడు అస్వాన్ అనబడు సైయీనీ పట్టణమున, ఏటిలో మిక్కిలి పొడవైన పగటినాడు మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన నుండును. నిలువు కఱ్ఱకు నీడ పడదు. అదే వేళ అలెగ్జాండ్రియాలో నీడ పడెను. ఆ నీడ తెలిపిన కోణము వృత్తమున 50వ వంతు. సూర్యకిరణములు సమాంతరములు గాన, ఆ రెండు పట్టణముల నడిమి దూరమును భూవృత్తమున 50వ వంతే కావలెను. ఆ దూరము 5,000 స్టేడియములు. కావున చుట్టుకొలత 2,50,000 స్టేడియములు.

స్టేడియము మన కొలతలలో నెంతయో పండితు లేకీభవింపరు. అయినను నాతని ఘనతకు లోపము లేదు. ఘనత అంకెయందు గాక మార్గమునందున్నది. అంకెను వల్లించినవాడు దానిని మఱచిపోవచ్చును. మార్గ మెఱిగినవాడు మరల గొలువగలడు.

కావున నుపాధ్యాయులు పాఠశాల యావరణమున నొక కఱ్ఱ నాటించి, మధ్యాహ్నపు నీడను బాలబాలికలచే గొలిపింపవలెనని మా మనవి. తల్లిదండ్రులును “ఎన్ని మార్కులు వచ్చినవి?” యని యడుగుటకు ముందు “నీకెట్లు తెలిసెను?” అని యడుగుదురు గాక.