ఇచ్చేవి ఏవి? ఉంచుకునేవి ఏవి?

ఇంట్లో పేరుకుపోయిన గిటార్లలో కొన్నిటిని అమ్మివేయాలా, అన్నిటినీ ఉంచుకోవాలా అన్న ప్రశ్నకు ఆధ్యాత్మిక పుటలో చోటేమిటని పాఠకులు అనుకోవచ్చు. భూమి, బంగారం, భవనాల మీది మమకారాన్ని గురించి మన పెద్దలు ఎంతో చెప్పారు. వాటిని వదలడం కష్టమే అయినా, అవి లౌకిక సంపదలని మనసుకు ముందే తెలుసు. వాద్యం సంగతి అలా కాదు. అది కళ కోసం కొన్నది, నాదోపాసనకు పనికివచ్చేది. దాని మీది మమకారం భక్తి వేషం వేసుకుని వస్తుంది. అందువల్ల దాన్ని గుర్తుపట్టడం మరింత కష్టం.

ఇటీవల ఒక విశ్రాంత ఉద్యోగి నన్ను ఈ ప్రశ్నే అడిగారు. ఆయన దగ్గర తొమ్మిది గిటార్లున్నాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు కొన్న కలకత్తా తయారీ గిటారు ఒకటి, ఒళ్లో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో వాయించే హవాయీ గిటారు ఒకటి, పన్నెండు తీగలది ఒకటి, పదవీ విరమణ నాటి డబ్బుతో తీసుకున్న ఎలక్ట్రిక్ గిటార్లు రెండు. మిగిలినవి ఎప్పుడు, ఎందుకు కొన్నారో ఆయనకే సరిగా గుర్తులేదు. సొంత ఇల్లు వదిలి చిన్న అపార్ట్‌మెంటుకు మారుతున్నారు. పిల్లలు విదేశంలో స్థిరపడ్డారు. భార్యను సలహా అడిగితే, "కొనేటప్పుడు అడగని మాట అమ్మేటప్పుడు ఎందుకండీ?" అన్నారట. అయితే ఆయన బాధ స్థలం గురించి కాదు. "ఏటా దసరాల్లో మూలా నక్షత్రం నాడు వీటన్నిటికీ బొట్టు పెట్టి పూజ చేస్తాను. ఇప్పుడు అమ్మితే సరస్వతిని అమ్ముకున్నట్లు అవుతుందేమోనని భయంగా ఉందండీ" అన్నారు.

ఆ భయాన్ని తేలికగా తీసివేయడానికి వీల్లేదు. తెలుగువారికి అది పోతన నుంచి సంక్రమించిన భయం. భాగవతాన్ని రాజుకు అంకితమిచ్చే ప్రసక్తి వచ్చినప్పుడు సరస్వతి కన్నీటితో ఎదుట నిలిచిందనీ, నిన్ను ఎవరికీ అమ్మనని ఆ మహాకవి ఆమెకు మాట ఇచ్చాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అటువంటి కథ విని పెరిగినవాడికి వాద్యాన్ని బేరం పెట్టడానికి చెయ్యి వణకడం సహజమే. కాని ఒక్క విషయం గమనించాలి. పోతన అమ్మనన్నది తాళపత్రాలను కాదు, గంటాన్ని కాదు. వాటి ద్వారా వెలువడిన విద్యను, శ్రీరామునికి సమర్పించదలచిన ఫలాన్ని. గంటం చేతులు మారినంత మాత్రాన కవిత్వం చేతులు మారదు. కొయ్యా తీగలూ సరస్వతి కావు. వాటిని మీటే వేళ్లలో, వినే చెవిలో ఆమె ఉంటుంది.

గిటారుకు ఇంతటి పవిత్రత ఏమిటి, అది పాశ్చాత్య వాద్యం కదా అనేవారూ ఉంటారు. వయొలిన్ కూడా అలా వచ్చినదే. ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అది త్యాగరాజ కృతులు పలికిన తరువాత దాన్ని పరాయిదని అన్నవారు లేరు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) మాండొలిన్‌ను కర్ణాటక సంగీత వేదిక మీద కూర్చోబెట్టారు. వాద్యం జన్మస్థలాన్ని బట్టి దాని అర్హతను తేల్చడం మన సంప్రదాయం కాదు.

వాద్యాన్ని విడిచిపెట్టడమంటే విద్యను విడిచిపెట్టడమా అన్నదానికి ఆ గిటారు లోకం నుంచే ఒక ఉదాహరణ దొరుకుతుంది. ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందంలో గిటారు విద్వాంసుడు డేవిడ్ గిల్మోర్. ఆయన 2019 జూన్ 20న న్యూయార్కులోని క్రిస్టీస్ వేలంశాలలో తన గిటార్లను 120కి పైగా అమ్మకానికి పెట్టారు. వాటిలో 'బ్లాక్ స్ట్రాట్' అని ప్రపంచమంతా పిలిచే నల్ల గిటారు ఉంది. 1970లో న్యూయార్కులో కొన్నది. 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' మొదలుకొని ఆ బృందానికి పేరు తెచ్చిన ఎన్నో పాటల్లో మోగింది అదే. వేలంలో దానికి 39,75,000 డాలర్లు పలికింది. నాటి మారకంలో సుమారు 27 కోట్ల రూపాయలు! మొత్తం వేలం మీద దాదాపు 2.15 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ సొమ్మును ఆయన వాతావరణ పరిరక్షణ కోసం న్యాయపోరాటం చేసే క్లయింట్‌ఎర్త్ అనే సంస్థకు ఇచ్చివేశారు. అంతకుముందు లండన్‌లోని తన ఇంటిని అమ్మి 36 లక్షల పౌండ్లను నిరాశ్రయుల కోసం పనిచేసే క్రైసిస్ సంస్థకు ఇచ్చిన మనిషి కనుక ఇది ఆకస్మికంగా పుట్టిన ఔదార్యం కాదు. మరి నల్ల గిటారు పోయిన తరువాత ఆయన సంగీతం ఏమయింది? 2024లో కొత్త ఆల్బమ్ వెలువరించి, రోము నగరంలోనూ లండన్‌లోనూ కచేరీలు చేశారు. చేతిలో ఉన్నది వేరే గిటారు. వేళ్లు మాత్రం అవే.

ఈ కథకు ఇంకొక కొస ఉంది. ఆ నల్ల గిటారును కొన్నవారు జిమ్ ఇర్సే అనే అమెరికా సంపన్నుడు, పేరుమోసిన సంగ్రాహకుడు. ఆరేళ్లు నిండకుండానే, 2025 మే నెలలో ఆయన కన్నుమూశారు. అన్ని కోట్లు పోసినా ఆ వాద్యం ఆయన దగ్గర ఉన్నది అంతకాలమే. మనం యజమానులమనుకుంటాం. నిజానికి కాపలాదారులం. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలోనే చెప్పిన విషయానికి ఇంతకంటే పెద్ద వ్యాఖ్యానం అక్కరలేదు.

అయితే అమ్మడమే గొప్ప, దానమే పుణ్యం అని ఇక్కడితో ముగించడం నాకు ఇష్టం లేదు. అసలు చిక్కు 'ఏవి' అన్న దగ్గర ఉంది.

విశ్వజిత్ యాగంలో యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వాలి. ఆ యాగం చేసినవారు ఇద్దరు మన వాఙ్మయంలో కనిపిస్తారు. ఒకడు కఠోపనిషత్తులోని వాజశ్రవసుడు. అతడు చేసింది విశ్వజిత్తేనని భాష్యకారులు చెబుతారు. అతడు దానమిచ్చిన గోవులు ఎటువంటివి? తాగవలసిన నీళ్లు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, ఇక పాలివ్వలేని, ఈనలేని ముసలి ఆవులు. చూస్తున్న పసివాడు నచికేతుడికి ఆ దానం సిగ్గుగా తోచింది. ఇటువంటి దానం చేసినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని తండ్రి కోసం భయపడ్డాడు. "నన్నెవరికి ఇస్తావు నాన్నా?" అని అడిగిన ప్రశ్న అక్కడ పుట్టింది. ఆ తరువాత యముని ఇంటి వాకిలి దాకా వెళ్లిన కథ అందరికీ తెలుసు. మొదలు మాత్రం ముసలి ఆవులే.

రెండవవాడు కాళిదాసు రఘువంశంలోని రఘుమహారాజు. ఆయన అదే యాగం చేసి నిజంగానే అంతా ఇచ్చేశాడు. వరతంతు మహర్షి శిష్యుడు కౌత్సుడు గురుదక్షిణ కోసం పధ్నాలుగు కోట్ల ధనం కావాలని వచ్చేసరికి, అతిథికి అర్ఘ్యమివ్వడానికి రాజు చేతిలో మట్టి పాత్రే మిగిలింది. బంగారు పాత్రలన్నీ దానంలో వెళ్లిపోయాయి. రఘువు కుబేరుడి మీదికి దండెత్తడానికి సిద్ధం కావడం, తెల్లవారేసరికి కోశాగారంలో కనకవర్షం కురవడం ప్రసిద్ధమే. నాకు ఆ కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ తరువాతి ఘట్టం. వచ్చినదంతా నీదే తీసుకుపొమ్మంటాడు రాజు. గురువుకు ఇవ్వవలసినంతే తీసుకుంటాను, ఒక్క నాణెం ఎక్కువ వద్దంటాడు బ్రహ్మచారి. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఇద్దరికీ 'ఎంత' అన్నది తెలుసు.

గిటార్ల గది ముందు నిలబడినవాడు తనను తాను అడగవలసింది ఇదే. నా చేతిలోంచి వెళ్లేవి ముసలి ఆవులా, బంగారు పాత్రలా? అనాథాశ్రమాలకూ, బడులకూ, భజన మందిరాలకూ 'విరాళం'గా చేరే వాద్యాలను చూడండి. మెడ వంగినవి, మెట్లు అరిగినవి, బిరడాలు ఊడినవి. శ్రుతి నిలవని గిటారు ఇస్తే ఆ పసివాడు నేర్చుకునేదేమిటి? తనకు సంగీతం రాదని నేర్చుకుంటాడు. తప్పు వాద్యానిదని వాడికి ఎవరు చెబుతారు? అటువంటి దానం కంటే దాన్ని బాగుచేయించి న్యాయమైన ధరకు అమ్మడం ఎంతో మేలు.

ఈ విషయంలో ఎరిక్ క్లాప్టన్ ఉదంతం గిల్మోర్ కథ కంటే మనకు దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే ఆయన ఒక్కసారిగా అంతా వదలలేకపోయాడు. మత్తుపదార్థాలకూ, మద్యానికీ బానిసై, బయటపడిన ఆ గాయకుడు, తనవంటివారి చికిత్స కోసం కరీబియన్ దీవి ఆంటిగ్వాలో క్రాస్‌రోడ్స్ అనే కేంద్రాన్ని 1998లో నెలకొల్పాడు. దాని నిర్వహణకు 1999 జూన్‌లో వంద గిటార్లు వేలం వేస్తే సుమారు 50 లక్షల డాలర్లు వచ్చాయి. 'లేలా' పాటలో మోగిన 'బ్రౌనీ' అనే గిటారు ఒక్కటే 4,97,500 డాలర్లు తెచ్చింది. కాని 'బ్లాకీ' అని ముద్దుపేరు పెట్టుకున్న ప్రాణప్రదమైన గిటారును ఆనాడు ఇవ్వలేదు. అది దుకాణంలో దొరికినది కాదు. 1970లో నాష్‌విల్‌లో చవకగా కొన్న పాత గిటార్ల భాగాలను విడదీసి, వాటిలో మేలైనవి కూర్చి తానే తయారు చేయించుకున్నది. ఆనాడు కొన్నవాటిలో మిగిలినవాటిని తోటి కళాకారులకు కానుకగా ఇచ్చేశాడు. 1985 తరువాత దాన్ని వాయించడం దాదాపు మానేశాడు. అయినా వదలడానికి మరో పందొమ్మిదేళ్లు పట్టింది. 2004 జూన్‌లో అదే చికిత్సాలయం కోసం అమ్మితే 9,59,500 డాలర్లు వచ్చాయి. ఈ ఆలస్యాన్ని నేను లోపమనుకోను. మమకారం పండు వంటిది. పండకముందే కోస్తే కొమ్మకు గాయమవుతుంది.

అమ్మిన సొమ్మంతా దానం చేయాలన్న నియమం కూడా గృహస్థుకు లేదు. మార్క్ నాఫ్లర్ 2024 జనవరి 31న లండన్‌లో 120కి పైగా గిటార్లను అమ్మితే 88 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. అందులో నాలుగో వంతు ధర్మకార్యాలకు ఇస్తానని ముందే ప్రకటించారు. మిగిలిన మూడు వంతులు ఆయనవి. అందులో దాపరికం లేదు, దోషమూ లేదు. వైద్యానికో, మనవరాలి చదువుకో గిటారు అమ్మినవాడు తలవంచుకోనక్కరలేదు. అన్నట్లు, మన ఇళ్లలోని గిటార్లకు కోట్లు పలకవు. అక్కడ ధర పలికింది కొయ్యకు కాదు, జనం జ్ఞాపకానికి. మన జ్ఞాపకం మనకే విలువైనది. అంగడిలో దానికి వెల కట్టరు. ఆ సంగతి ముందే తెలుసుకుంటే బేరం దగ్గర మనసు నొచ్చుకోదు.

ఇక ఎన్ని ఉంచుకోవాలి? సరస్వతీదేవి వీణ కచ్ఛపి. నారదుడిది మహతి. తుంబురుడిది కళావతి. తలా ఒకటే! నేను చదివినంతలో ఎక్కడా రెండో వీణ ఊసు లేదు. కాని మనుషుల విషయంలో అంత కఠినంగా ఉండనక్కరలేదు. వడ్రంగి పెట్టెలో నాలుగు ఉలులుంటాయి. దేని పని దానిది. పన్నెండు తీగల గిటారు చేసే పని ఆరు తీగలది చేయదు, ఒళ్లో పెట్టుకునేదాని గమకం నిలబెట్టేదానిలో రాదు. వాయించేవాడికి అవి పనిముట్లు. ఏడాదిలో ఒక్కసారి, అదీ పూజనాడు మాత్రమే పెట్టెలోంచి బయటికి వచ్చేది పనిముట్టు కాదు.

పైగా వాద్యం ఊరికే ఉండదు, చెడుతుంది. లోహపు తీగల గిటారు మెడ మీద ఆరు తీగల లాగుడు దాదాపు 70 కిలోల బరువుతో సమానం. వాయించినా వాయించకపోయినా ఆ లాగుడు పనిచేస్తూనే ఉంటుంది. కోస్తా తేమకు కొయ్య ఉబ్బి జిగురు వదులుతుంది. వేసవి వడగాడ్పులకు ఎండి పగుళ్లు తీస్తుంది. తీగలు తుప్పు పడతాయి. బీరువా మీద భద్రంగా దాచామనుకున్న వాద్యం అక్కడే మెల్లగా మూగబోతుంది. పూజ చేసి మూగబోనివ్వడం భక్తి ఎలా అవుతుంది? అమ్మితే సరస్వతికి అపచారమని భయపడేవారు ఈ అపచారం గురించి ఎందుకు భయపడరో నాకు అర్థం కాదు.

ఆ పెద్దమనిషికి నేను చెప్పినది ఇది. నిరుడు ఏవి వాయించారో వాటిని ఒక పక్కన పెట్టండి. వాటిలో రఘువు మట్టి పాత్ర ఏదో మీకే తెలుస్తుంది. దాన్ని ఎవరడిగినా ఇవ్వవద్దు. ఇంటికి వచ్చిన అతిథి ఒక పాట వినిపించమంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మిగిలినవాటిని పిల్లలకు ఫోటోలు తీసి పంపండి. వారిలో ఎవరైనా ఒకదాన్ని అడగవచ్చు, అడగకపోతే నొచ్చుకోకండి. ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్లను తగిన ధరకే అమ్మండి. తెలిసినవారని మొహమాటపడి తగ్గించవద్దు. దాని బదులు ఆ సొమ్ములో కొంతతో సంగీత పాఠశాల పిల్లలకు కొత్త గిటార్లు కొనిపెట్టవచ్చు. ఏది ఇచ్చినా కొత్త తీగలు వేయించి, శ్రుతి చేసి, పెట్టెతో సహా ఇవ్వండి. కలకత్తా గిటారును ఇప్పుడే వదలలేనంటే ఉంచుకోండి, క్లాప్టన్‌కే అన్నేళ్లు పట్టింది.

హవాయీ గిటారు సంగతి వేరు. ఒకప్పుడు ఆకాశవాణిలో తరచుగా వినిపించిన ఆ వాద్యాన్ని నేర్పేవారు ఇప్పుడు అరుదు. దానికి కొనేవారిని వెతకడం తరువాత, ముందు నేర్పే గురువు ఎక్కడున్నారో వెతకండని చెప్పాను. వెతుకుతున్నారు.