ఎముకల పాఠానికి నల్లగొండే సరైన క్లాసు

నల్లగొండకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. మొదటి ఏడాది పిల్లలు అనాటమీలో ఎముకల పేర్లు బట్టీ పడతారు; కాల్షియం సంగతి ఫిజియాలజీలో విడిగా చదువుతారు. నల్లగొండలో ఈ రెండింటినీ విడదీయడం దండగ. ఎందుకంటే ఇక్కడి బోరునీటి ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఎముక చిక్కబడుతుంది, అయినా పెళుసే. లిగమెంట్లు గట్టిపడి వెన్ను బిగుసుకుపోతుంది. ఈ జబ్బే ఫ్లోరోసిస్; ఈ జిల్లాలో దాని గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. జిల్లాలోని మర్రిగూడ వైపు పెద్దమనిషి వెన్నెముక ఎక్స్‌రే ఒకటి (ఆయన్ను అడిగి, పేరు తీసేసే సుమా) క్లాసులో పెడితే రెండు సబ్జెక్టులూ ఒకేచోట కనిపిస్తాయి. పరీక్షలో రాదంటారా? అయితే ఇక్కడి ఇంటర్నల్స్‌లోనైనా అడగండి, అవి కాలేజీ చేతిలో పనే కదా.